లేసు అల్లే చేతులు

పశ్చిమ గోదావరి జిల్లాలో నర్సాపురం అనే పట్నం ఉంది. వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉంటుంది. ఆ పట్నంలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ మధ్యాహ్నం పూట వీధిలోకి వెళ్ళి చూడండి. అరుగుల మీద, గుమ్మాల దగ్గర ఆడవాళ్ళు కూర్చుని ఉంటారు. చేతిలో కొక్కెం సూది. ఒళ్ళో తెల్లదారం ఉండ. నోరు మాట్లాడుతూనే ఉంటుంది. వేళ్ళు మాత్రం ఆగవు.

"ఏం చేస్తున్నారమ్మా?" అని అడిగితే ఏమంటారు?

"ఏముందండీ, ఖాళీగా ఉండలేక లేసు అల్లుకుంటున్నాం" అంటారు.

ఈ "ఖాళీగా ఉండలేక" అనే మాట చాలా పాతది. చాలా నష్టం తెచ్చిన మాట కూడాను. ఎలాగో చూద్దాం.

లేసు పని మొదట మన దేశంలో పుట్టింది కాదు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నర్సాపురం వైపు వచ్చారు. వాళ్ళు ఇక్కడి ఆడవాళ్ళకు ఈ అల్లిక నేర్పించారు. తరవాత తల్లి దగ్గర కూతురు నేర్చుకుంది. అత్త దగ్గర కోడలు నేర్చుకుంది. ఒక వీధి నుంచి ఇంకో వీధికి, ఒక కులం నుంచి ఇంకో కులానికి పని పాకింది. బల్లగుడ్డలు, దుప్పట్లు, తలగడ గలేబులు, పసిపిల్లల గౌన్లు తయారయ్యాయి. అవి ఓడలెక్కి యూరపుకూ, అమెరికాకూ వెళ్ళాయి. ఇప్పటికీ వెళ్తున్నాయి. అల్లినవాళ్ళలో చాలామంది జిల్లా దాటి ఎరగరు.

జర్మనీకి చెందిన మరియా మీస్ అనే పరిశోధకురాలు ఈ ఆడవాళ్ళ పని గురించి పరిశోధన చేశారు. 1982లో ఇంగ్లీషులో పుస్తకం రాశారు. ఆమె చూసింది ఏమిటి? వంట, నీళ్ళు, పిల్లలు, గొడ్లు, అన్నీ చూసుకుంటూనే ఆడవాళ్ళు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారు. వచ్చే డబ్బు మాత్రం అప్పటి కనీస కూలి కంటే చాలా తక్కువ. పైగా వాళ్ళను ఎవరూ పనివాళ్ళు అనడం లేదు. "ఇంట్లో ఉండే ఆడవాళ్ళు, తీరిక వేళ అల్లుకుంటారు" అంటున్నారు. ఆడవాళ్ళు కూడా అదే మాట అంటున్నారు. తీరిక పనికి కూలి ఎందుకు ఎక్కువ ఇస్తారు? ఏదో ఒకటి చేతిలో పెడతారు. ఆ మాట వెనక ఉన్న నష్టం ఇదే.

ఇంకో సంగతి ఉంది. ఒక పెద్ద బల్లగుడ్డను ఒక్కరే అల్లరు. పువ్వులు అల్లేవాళ్ళు వేరు. దాన్ని చేతిపని అంటారు. ఆ పువ్వులన్నీ కలిపి గుడ్డ చేసేవాళ్ళు వేరు. దాన్ని అతుకుపని అంటారు. మధ్యలో ఏజెంటు తిరుగుతాడు. ఈ ఇంట్లో దారం ఇస్తాడు. ఆ ఇంట్లో పువ్వులు తీసుకుంటాడు. ఇంకో ఊళ్ళో అతికిస్తాడు. మొత్తం పని ఏజెంటుకు తెలుసు, షావుకారుకు తెలుసు. పువ్వు అల్లిన మనిషికి తన పువ్వు తప్ప ఏమీ తెలియదు.

ఇప్పుడు ఒక వీధిని ఊహించుకుందాం. ఇది ఫలానా ఊరని కాదు. లేసు అల్లే ఏ వీధిలోనైనా ఇలా జరగవచ్చు. అందుకే ఇందులో పేర్లు లేవు.

పక్కపక్క ఇళ్ళలో ఇద్దరు తోడికోడళ్ళు ఉన్నారు. వేరు కాపురాలు. ఒకరోజు కరెంటు పోయింది. ఇద్దరూ గాలి కోసం బయటికొచ్చి ఒకే అరుగు మీద కూర్చున్నారు. ఇద్దరి చేతిలోనూ ఒకే రకం పువ్వు.

"అక్కా, ఈ పువ్వుకి నీకు ఎంత కడుతున్నాడు?"

"అయిదు. నీకో?"

"నాలుగే."

ఇద్దరి సూదులూ ఆగిపోయాయి. పువ్వు ఒకటే. ఏజెంటూ ఒకడే. ఇళ్ళ మధ్య ఒక్క గోడే అడ్డం. పదేళ్ళుగా గోడకు ఆ పక్క ఎంత కడుతున్నాడో ఈ పక్క తెలియదు.

పదేళ్ళూ ఎందుకు అడగలేదు? బిడియం. కూలి మాట ఎత్తితే కూలివాళ్ళం అయిపోతామని భయం. "వాళ్ళింట్లో ఆడవాళ్ళ సంపాదన మీద బతుకుతున్నారు" అని ఎవరైనా అంటే మొగుడికి తలవంపులని భయం. ఆ బిడియం వల్ల చిన్న కోడలికి పువ్వుకు రూపాయి చొప్పున పోయింది. ఎన్ని పువ్వులు అల్లిందో ఆమెకే లెక్క లేదు.

ఆ సాయంత్రం ఇంకో ముగ్గురిని అడిగారు. ఎదురింటి పెద్దామె ఉంది. ఆమెకు అల్లికలో చెయ్యి తిరిగింది. వీధి చివర అతుకుపని చేసే ఆమె ఉంది. పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్న ఒక అమ్మాయి ఉంది. అయిదుగురూ అరుగు మీద చేరారు.

పెద్దామె ముందే ఒక మాట అడిగేసింది. "మనకు పొదుపు సంఘం ఉంది కదమ్మా. నెలకోసారి డబ్బు కడుతున్నాం, అప్పు తీసుకుంటున్నాం. మళ్ళీ ఇంకో సంఘం ఎందుకు?"

మంచి ప్రశ్నే. పొదుపు సంఘంలో పాలు అమ్మే ఆమె ఉంటుంది, పొలం పనికి వెళ్ళే ఆమె ఉంటుంది, ఇడ్లీ బండి పెట్టిన ఆమె ఉంటుంది. అక్కడ డబ్బు గురించి మాట్లాడుకుంటారు. గొలుసు కుట్టు బిగిసిపోతోందని అక్కడ చెప్పుకుంటే ఎవరికి అర్థమవుతుంది? ఒకే పని చేసేవాళ్ళు కూర్చుంటేనే ఆ పని గురించి మాట్లాడుకోగలరు. అందుకే దీన్ని సంఘం అనకుండా జట్టు అందాం. దీనికి బ్యాంకు పుస్తకం అక్కర్లేదు. అధ్యక్షురాలు కూడా మొదట్లో అక్కర్లేదు. వారంలో ఒక రోజు, ఒక వేళ ఉంటే చాలు. మరీ ఎక్కువమంది ఉండకూడదు. అయిదుగురు నుంచి పదిమంది వరకైతే అందరికీ మాట్లాడే వంతు వస్తుంది.

వీళ్ళు శుక్రవారం అనుకున్నారు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా. పిల్లలు బడి నుంచి వచ్చేలోపు అయిపోవాలి. ప్రతి ఒక్కరూ ఆ వారం అల్లిందాంట్లో ఒకటి తెచ్చి చూపించాలి. అదొక్కటే షరతు.

మొదటి శుక్రవారం చాలా ఇబ్బందిగా గడిచింది. చూపించడానికి ఎవరికీ చేతులు రాలేదు. "నాదేముంది, బాగోలేదు" అని కొంగు చాటున దాచుకున్నారు. చివరికి పదో తరగతి తప్పిన అమ్మాయి ఒక గుండ్రటి గుడ్డ బయట పెట్టింది. అది బల్ల మీద పరిస్తే చదునుగా పడలేదు. అంచులు గిన్నెలా పైకి లేచాయి. ఏజెంటు రెండుసార్లు వాపసు ఇచ్చాడట. దారం ఖర్చు కూలిలో కోసుకున్నాడట.

పెద్దామె కళ్ళజోడు పెట్టుకుని చూసింది. "ఏమ్మా, వరస పెరుగుతుంటే పోగులు పెంచాలి కదా. నువ్వు నాలుగో వరసలో పెంచడం మానేసావు. అందుకే గిన్నెలా లేచింది. పోనీ అని ఎక్కువ పెంచేసావనుకో, అప్పుడు కుచ్చిళ్ళలా ముడతలు పడుతుంది. వరస వరసకీ కింద పరిచి చూసుకోవాలి."

ఇది చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. అమ్మాయి ఆ రెండు నిమిషాలు దొరక్క మూడు నెలల కూలి పోగొట్టుకుంది.

తరవాత అతుకుపని ఆమె మాట్లాడింది. ఆమె మాట కొంచెం కటువు. "అక్కా, నీ పువ్వులు బిగువు. నీ చెల్లెలు పువ్వులు వదులు. ఒకే సూది, ఒకే దారం అయినా సైజు తేడా వస్తోంది. రెండూ కలిపి అతికితే గుడ్డ లాగేస్తుంది. నేను విప్పి మళ్ళీ అతుకుతున్నాను. ఆ విప్పిన పనికి నాకెవరు కడతారు?"

తోడికోడళ్ళకు కోపం వచ్చింది. ఆ వారమంతా చిన్న కోడలు ఆమెతో మాట్లాడలేదు. అయినా రెండో శుక్రవారం వచ్చింది. చేతిలో పది పువ్వులు తెచ్చింది. అన్నీ స్కేలు పెట్టి కొలుచుకుని తెచ్చింది.

ఆ రోజే అతుకుపని ఆమె, ఇవ్వబోయే ముందు ఒక బల్లగుడ్డను తెచ్చి అందరి ముందూ పరిచింది. అరుగు చాలలేదు. నలుగురూ నాలుగు కొసలు పట్టుకున్నారు. తోడికోడళ్ళు పాతికేళ్ళుగా పువ్వులు అల్లుతున్నారు. అతికిన గుడ్డను దగ్గరగా చూడడం అదే మొదటిసారి.

"ఇందులో నావి ఏవి?" అని చిన్న కోడలు వెతికింది. దొరకలేదు. అన్నీ ఒకేలా ఉన్నాయి. అతుకుపని బాగా చేస్తే అలాగే ఉంటుంది మరి.

చేతిపనివాళ్ళనూ అతుకుపనివాళ్ళనూ ఒకచోట కూర్చోబెట్టడం జట్టు చేసే మొదటి మంచి పని. అందరూ పువ్వులే అల్లేవాళ్ళయితే జట్టు సగం జట్టే.

ఇక పుస్తకం సంగతి. పెద్ద కోడలు అక్షరాస్యతా కేంద్రంలో చదువుకుంది. రాయడం వచ్చుగానీ చెయ్యి వణుకుతుంది. అందరూ కలిసి ఆమె చేతికే ఒక నోటుపుస్తకం ఇచ్చారు. గీతలు గీసి గళ్ళు చేసింది. ఏం అల్లారు, ఏ రోజు మొదలు, ఏ రోజు పూర్తి, ఎన్ని గంటలు, దారం ఎంత, చేతికి ఎంత వచ్చింది. అంతే.

గంటలు రాయడమే కష్టమైంది. "మధ్యలో లేచి అన్నం వార్చాను, అది లెక్కా?" అని ఒకరు. "టీవీ చూస్తూ అల్లాను, అది లెక్కా?" అని ఇంకొకరు. సూది కదిలిన సమయం అంతా లెక్కే. టీవీ చూస్తూ అల్లినా పువ్వు తయారైంది కదా.

ఒక లెక్క చూడండి. అంకెలు ఊరికే నేర్చుకోవడానికి వేసుకున్నవి. ఒకామె ఒక గుండ్రటి గుడ్డ అల్లింది. దారం ఏజెంటుదే. 15 గంటలు పట్టింది. కూలి 180 రూపాయలు వచ్చింది. 180ని 15తో భాగిస్తే 12. అంటే గంటకు 12 రూపాయలు. 180 అని విన్నప్పుడు బాగానే ఉందనిపిస్తుంది. 12 అని రాసుకున్నాక అలా అనిపించదు. ఈ లెక్క అయిన రోజు అరుగు మీద ఎవరూ మాట్లాడలేదట అని రాస్తే కథలా ఉంటుంది. నిజానికి అందరూ ఒకేసారి మాట్లాడతారు.

మరి మర్నాడే ఏజెంటుతో గొడవకు దిగాలా? వద్దు. అయిదుగురు పని మానేస్తే అతను పక్క వీధికి పోతాడు. అక్కడ ఇంకా తక్కువకు చేసేవాళ్ళు ఉంటారు. ముందు పక్క వీధివాళ్ళకూ ధర తెలియాలి. ఒకే పువ్వుకు ఒకే కూలి అడగడం మొదటి మెట్టు. చిన్న కోడలు అంతే అడిగింది. "అక్కకు అయిదు కడుతున్నారు కదండీ, నాకూ అయిదు కట్టండి." ఏజెంటు చిరాకుపడ్డాడు. "మీరంతా కూర్చుని ఇవే మాట్లాడుకుంటున్నారా?" అన్నాడు. కానీ కట్టాడు. ఆమె పువ్వులు ఇప్పుడు సైజు తప్పడం లేదని అతనికీ తెలుసు.

జట్టుకు అసలు దెబ్బ బయటి నుంచి రాదు, లోపలి నుంచే వస్తుంది. ఈ జట్టుకూ వచ్చింది. నాలుగో నెలలో పని తగ్గింది. ఏజెంటు ఒకామెతో "నాలుగున్నరకు చేస్తే మొత్తం నీకే ఇస్తాను, ఎవరికీ చెప్పకు" అన్నాడు. ఆమె ఒప్పుకుంది. అతుకుపని ఆమెకు పువ్వులు చూడగానే ఎవరివో తెలిసిపోయింది. పెద్ద రగడ అయింది. "జట్టులోంచి పంపించెయ్యాలి" అన్నారు.

పెద్దామె ఒప్పుకోలేదు. "దాని మొగుడు మంచాన ఉన్నాడు. నాలుగున్నర కాదు, మూడుకైనా ఒప్పుకుంటుంది. మనం ముందు అడిగామా, ఇంట్లో ఎలా ఉందని?" అంది. ఆ రోజు కొత్త షరతు పెట్టుకున్నారు. పని తక్కువగా ఉంటే వచ్చిన పనిని పంచుకోవాలి. ఇంట్లో కష్టం ఉన్నవాళ్ళకు ఒక వాటా ఎక్కువ. ధర మాత్రం ఎవరూ తగ్గించకూడదు. ఈ షరతు అన్నిసార్లూ నిలుస్తుందని చెప్పలేం. కానీ రహస్యంగా తగ్గించడం కంటే ఎదురుగా పోట్లాడుకోవడం మేలు.

ఇంతవరకూ చెప్పింది కూలి గురించి. అల్లిక కూలి పని మాత్రమేనా? కాదు. అది కళ. ముగ్గు వేసే చేతికి తెలిసినట్టే అల్లే చేతికి కూడా కొత్త కొత్తవి తోస్తాయి. నెమలి తోస్తుంది, మామిడి పిందె తోస్తుంది. కానీ ఏజెంటు ఇచ్చిన మాదిరి తప్ప ఇంకోటి అల్లితే కొనేవాళ్ళు లేరు. అందుకని తోచింది తోచినట్టే పోతుంది.

పెద్దామె పెట్టెలో ఒక పాత చీర ముక్క ఉంది. దాని మీద తల్లి కాలం నాటి అల్లిక ముక్కలు కుట్టి ఉన్నాయి. జానెడు జానెడు ముక్కలు, ఇరవైకి పైగా. వాటిలో కొన్ని ఇప్పుడు ఎవరికీ రావు. జట్టు దాన్ని ముందు పెట్టుకుని ఒక్కొక్కటే విప్పి చదివినట్టు చదివింది. ఎన్ని గొలుసులు, ఎన్ని పోగులు, ఎక్కడ ఖాళీ. పెద్ద కోడలు రాసుకుంది. అమ్మాయి అల్లి చూసింది. నెలకు రెండు మాదిరులు తిరిగి వచ్చాయి. తరవాత ఆ పాత అంచుకు అమ్మాయి తన నెమలిని కలిపింది. అది ఎవరి మాదిరీ కాదు, ఆమెదే.

"నా మాదిరి చూపిస్తే మీరంతా అల్లేసుకోరూ?" అని అమ్మాయి భయపడింది. ఆ భయం తప్పు కాదు. అందుకే మాదిరి ఎవరు తెచ్చారో పుస్తకంలో పేరు, తేదీ రాస్తారు. ఇంకొకరు అల్లాలంటే ఆమెను అడగాలి. దాచుకుంటే మాదిరి పెట్టెలోనే ఉంటుంది. అడక్కుండా తీసుకుంటే మరుసటి వారం ఎవరూ ఏదీ చూపించరు.

గుజరాత్‌లో కచ్ అనే ప్రాంతం ఉంది. అక్కడి ఆడవాళ్ళు అద్దాలు పెట్టి రంగుదారాలతో బట్టల మీద కుట్టు పని చేస్తారు. వాళ్ళకు కూడా వ్యాపారులు గీసి ఇచ్చిన గీతల మీద కుట్టి ఇవ్వడం అలవాటైంది. 1993లో అక్కడ కళా రక్ష అనే సంస్థ మొదలైంది. అందులో కుట్టేవాళ్ళే కొత్త మాదిరులు తయారు చేస్తారు. తమ సమయానికి విలువ తామే కడతారు, ధర నిర్ణయించడంలో తామూ కూర్చుంటారు. 2005లో చేతిపనివాళ్ళ కోసమే ఒక బడి కూడా పెట్టారు. రంగుల గురించి, మాదిరుల గురించి, అమ్మకం గురించి అక్కడ నేర్పించారు. దూరం చాలా ఉంది, భాష వేరు, పని వేరు. కష్టం మాత్రం నర్సాపురం కష్టమే.

మన దగ్గర కూడా కొన్ని దారులు ఉన్నాయి. నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఏమిటి? ఇంకెక్కడో మిషను మీద చేసిన లేసును నర్సాపురం లేసు అని అమ్మకూడదు. ఆ పేరు వాడుకునే హక్కు కోసం అల్లేవాళ్ళు కూడా తమ పేర్లు నమోదు చేయించుకోవచ్చు. తెలియకపోతే షావుకారు పేరే నమోదవుతుంది. కేంద్ర ప్రభుత్వం చేతివృత్తులవాళ్ళకు పహచాన్ అనే గుర్తింపు కార్డు ఇస్తోంది. ఆధార్ కార్డు చూపించాలి, తమ పని చూపించాలి. ఆ కార్డు మీద "గృహిణి" అని ఉండదు. ఏ పని చేస్తారో ఆ పని పేరు ఉంటుంది. ఒక్కరే ఆఫీసుకు వెళ్ళాలంటే బెరుకు. అయిదుగురు కలిసి ఒకే ఆటోలో వెళ్తే బెరుకూ తగ్గుతుంది, చార్జీ కూడా తగ్గుతుంది.

సొంతంగా అమ్మాలని తొందరపడకూడదు. ఏజెంటు పని ఒక చేత్తో సాగుతుండగానే, జట్టుగా నెలకు ఒకటో రెండో వస్తువులు అల్లి దాచాలి. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చెయ్యాలి. మురికి చేతి గుర్తులున్న లేసును ఎవరూ కొనరు. ఏదైనా ప్రదర్శన జరిగినప్పుడు ఇద్దరు వెళ్ళాలి, ఒక్కరు వెళ్ళకూడదు. మొదటిసారి ఏమీ అమ్ముడుపోకపోవచ్చు. వచ్చినవాళ్ళు ఏది పట్టుకుని చూశారో, ఏ ధర విని వదిలేశారో రాసుకుని వస్తే ఆ ప్రయాణం వృథా కాదు.

మరో చిన్న మాట. నలభై దాటాక చత్వారం వస్తుంది. సన్నదారం కనబడదు. "ఇంక నా చెయ్యి పనికిరాదు" అని చాలామంది మానేస్తారు. పోయింది చెయ్యి కాదు, చూపు. జట్టులో అందరూ ఒకరోజు కంటి పరీక్షకు వెళ్ళండి.

మాట్లాడుకోండి

మీ వీధిలో ఒకే పని చేసేవాళ్ళు ఎంతమంది? లేసు కాకపోవచ్చు. బుట్టలు, బొమ్మలు, చీరల మీద కుట్టు పని, ఏదైనా కావచ్చు.

మీ పనికి పక్కింటి ఆమెకు ఎంత కడుతున్నారో మీకు తెలుసా? ఎప్పుడైనా అడిగారా?

తక్కువ ధరకు ఒప్పుకున్న ఆమెను మీ జట్టు అయితే ఏం చేస్తుంది?

లెక్క చెయ్యండి

ఒకామె సొంత దారంతో ఒక బల్లగుడ్డ అల్లింది. దారం ఖర్చు 240 రూపాయలు. 40 గంటలు పట్టింది. గంటకు 40 రూపాయలు రావాలని జట్టు అనుకుంది. ఉతకడానికి, ఇస్త్రీకి 60 రూపాయలు. ప్రదర్శనకు రానుపోను ఖర్చులో ఈ గుడ్డ వంతుకు 100 రూపాయలు. గుడ్డ ధర ఎంత పెట్టాలి? కొనే ఆమె 1200 ఇస్తానంది. ఇస్తే గంటకు ఎంత మిగులుతుంది? మీ నోటుపుస్తకంలో రాయండి.